సీపీటీ అంటే టైపింగ్ స్పీడు కాదప్పా, మెయిన్స్ రాసి హాయిగా పడుకున్నోళ్ల కోసం

గ్రూప్-2 మెయిన్స్ రాసొచ్చినాక నేను చేసిన మొదటి పని, పుస్తకాలన్నీ అట్టపెట్టెలో కట్టేసి ఊరికి పోయి నెల రోజులు తిని పడుకోవడం. సీపీటీ, అంటే మెయిన్స్ తర్వాత పెట్టే కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్ట్, ఉంది కదరా అని రూమ్మేట్ అంటే, కంప్యూటర్ టెస్టే కదా, బీటెక్ చదివినోళ్లకు అదొక లెక్కా అన్నాను. మీలో సగం మంది ఇప్పుడు ఇదే అంటుంటారు, అందుకే రాస్తున్నా.

ఇది బిట్లు పెట్టే పరీక్ష కాదు, సిస్టమ్ ముందర కూర్చుని చేసి చూపించాల. వర్డ్‌లో లెటరో పేరానో, ఎక్సెల్‌లో పట్టిక, గ్రాఫు, పవర్‌పాయింట్‌లో స్లైడ్లు, కొంచెం డేటాబేసు, అటాచ్‌మెంట్‌తో ఈమెయిలు. ఓసీకి 40 శాతం, బీసీకి 35, ఎస్సీ ఎస్టీలకు 30 వస్తే చాలు, ఆ మార్కులు ర్యాంకులో కలపరు. కలపరు కాబట్టే అందరూ వదిలేస్తారు, కానీ ఇక్కడ క్వాలిఫై కాకపోతే మెయిన్స్‌లో ఎన్నొచ్చినా గాలికే.

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర మేడ మీద ఒక చిన్న టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంటే చేరినా. మొదటి రోజే సార్ ఒక మాక్ పెట్టినాడు, ఆఫీసు లెటర్, మధ్యలో మూడు కాలమ్‌ల పట్టిక, కింద కుడిపక్క సంతకం. 14 నిమిషాల్లో కొట్టేసి చేతులు కట్టుకుని కూర్చున్నా, చూడ్డానికి ప్రింటు తీసి ఫ్రేమ్ కట్టించుకునేలా ఉంది. సార్ వచ్చి ఏమీ మాట్లాడకుండా కంట్రోల్ ఏ కొట్టి ఫాంటు సైజు 12 నుంచి 14 చేసినాడు, అంతే. హెడ్డింగు ఒక పక్కకు ఒరిగిపోయింది, సంతకం సగం కింది లైన్లో పడింది, పట్టికలో అంకెలు సంతలో గొర్రెలు చెదిరినట్టు తలా ఒక దిక్కు పోయినాయి. "అబ్బీ, నువ్వు కొట్టింది టైపు మిషన్‌లో, వర్డ్‌లో కాదు" అన్నాడు. తర్వాత కంట్రోల్ షిఫ్ట్ 8 నొక్కినాడు, స్క్రీన్ మీద స్పేస్ ఉన్న ప్రతి చోటా చుక్క కనిపిస్తుంది కదా, నా లెటర్ నిండా చుక్కలే, ఎండాకాలంలో వీపు మీద చెమటకాయలు లేసినట్టు.

మీరు కూడా మీ పాత ఫైలు ఒకటి తెరిచి ఆ మూడు కీలు నొక్కి చూసుకోండి. రెండు మాటల మధ్య ఒక్క చుక్క కన్నా ఎక్కువ కనిపిస్తే అక్కడ మీరు కంటితో కొలిచి జరిపినారన్నమాట. హెడ్డింగు మధ్యకు కంట్రోల్ ఈ, సంతకం కుడికి కంట్రోల్ ఆర్, పేరా రెండు పక్కలా సమానంగా రావాలంటే కంట్రోల్ జె. కొత్త పేజీ కావాలంటే ఎంటర్ ఇరవైసార్లు కొట్టొద్దు, కంట్రోల్ ఎంటర్ ఒక్కసారి చాలు. అంకెలుంటే టేబులే పెట్టండి, ట్యాబ్ కొడుతూ పోతే గడి తర్వాత గడి, చివరి గడిలో ట్యాబ్ కొడితే కొత్త వరస తానే వస్తుంది. అన్నీ క్యాపిటల్స్‌లో కొట్టేసినా కంగారొద్దు, సెలెక్ట్ చేసి షిఫ్ట్ ఎఫ్3 నొక్కితే మారిపోతుంది. ప్రాక్టీసుకు మ్యాటర్ కూడా వెతుక్కోనక్కర్లేదు, ఖాళీ లైన్లో ఈక్వల్ టు పెట్టి ర్యాండ్ అని ఇంగ్లీషులో కొట్టి బ్రాకెట్లో 5 కామా 3 వేసి ఎంటర్ కొడితే 5 పేరాలు, ఒక్కోదాంట్లో 3 వాక్యాలు వచ్చి పడతాయి.

ఇక్కడ ఒకటి చెప్పాల. రూములో నా పాత ల్యాప్‌టాప్‌లో ఉండేది లిబ్రెఆఫీస్, వర్డ్, ఎక్సెల్ లాంటివే అందులోనూ ఉంటాయి, ఫ్రీగా వస్తుంది కదా అని. ఇన్‌స్టిట్యూట్‌లో వర్డ్‌లో కంట్రోల్ క్యూ నేర్చుకున్నా, అది కొడితే పేరాకు మనం పెట్టిన అలైన్‌మెంట్, గ్యాపులు పోయి మామూలుగా అవుతుంది. అదే ఊపులో రాత్రి లిబ్రెఆఫీస్‌లో కొట్టినా, అక్కడ కంట్రోల్ క్యూ అంటే మొత్తం మూసేయడం! సేవ్ చేయాలా అని అడిగితే ఏదో ఎర్రర్ అనుకుని వద్దు అని నొక్కినా, గంట పని పోయింది. ఇంట్లో ఒకటి, సెంటర్లో ఒకటి పెట్టుకోవద్దండి, పరీక్షలో ఏది ఇస్తారో దాంట్లోనే వేళ్లకు అలవాటు చేయండి. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ కీలకు ఎఫ్ఎన్ కలిపి నొక్కే అలవాటుంటే నాలుగు రోజులు డెస్క్‌టాప్ మీద కూర్చోండి.

పవర్‌పాయింట్‌లో అందరం చేసే ఘనకార్యం ఏమంటే ఇచ్చిన పెట్టెలు వదిలేసి టెక్స్ట్ బాక్సులు గీసుకుని రాయడం. అట్ల రాసింది అవుట్‌లైన్ వ్యూలో కనిపించదు, లేఅవుట్ మార్చినా అది మారదు, ఉన్నచోటే మొండిగా కూర్చుంటుంది. క్లిక్ టు యాడ్ అని ఉన్న పెట్టెల్లోనే రాయండి. పాయింటు కింద చిన్న పాయింటు కావాలంటే ట్యాబ్, మళ్లీ పైకి రావాలంటే షిఫ్ట్ ట్యాబ్. కొత్త స్లైడుకు కంట్రోల్ ఎం. ట్రాన్సిషన్ అంటే స్లైడు నుంచి స్లైడుకు మారేది, యానిమేషన్ అంటే స్లైడు లోపల అక్షరాలో బొమ్మో కదిలేది, ప్రశ్నలో ఒకటి అడిగితే ఇంకోటి పెట్టొచ్చినోళ్లు మా బ్యాచ్‌లోనే ముగ్గురు.

అన్ని స్లైడ్లలో ఫాంటు మార్చమంటే ఒక్కొక్కటీ మార్చుకుంటూ కూర్చోకుండా వ్యూలో స్లైడ్ మాస్టర్‌కు పోండి. ఎడమపక్క వరసలో అన్నిటికన్నా పైన పెద్దగా ఉండే బొమ్మ ఉంటుంది, దాన్ని పట్టుకోండి. నేను దాని కిందుండే చిన్నదాన్ని మార్చి, ఒక స్లైడు మారి మిగతావి ఎందుకు మారలేదా అని పావుగంట తల గీరుకున్నా. కిందివి ఒక్కో లేఅవుట్‌కు మాత్రమే, పైది అన్నిటికీ.

నాకు బాగా పనికొచ్చింది ఇంకోటి, ప్రాక్టీసు స్లైడ్లకు టాపిక్ కూడా మన సిలబస్‌లోదే పెట్టుకున్నా. దత్త మండలాలు, అంటే మన రాయలసీమ, బళ్లారి పక్క ప్రాంతానికి పాత పేరు, అది టైటిల్ స్లైడు. తర్వాతది 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి రాసివ్వడం, దాని తర్వాత 1807 దాకా థామస్ మన్రో కలెక్టరుగా ఉండడం, రైతు దగ్గర నేరుగా శిస్తు తీసుకునే రైత్వారీ, చివర్లో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోవడం. నాలుగో స్లైడు 1928 నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అని పేరు పెట్టడం, 1937లో కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని. ట్యాబులు కొట్టి కొట్టి ఆ సంవత్సరాలు ఎంత ఎక్కినాయంటే మెయిన్స్‌కు ముందే ఇది చేసుంటే బాగుండు అనిపించింది.

ఎక్సెల్ మీకు వచ్చే ఉంటుంది, ఒక్క మాట: ఎఫ్4 వర్డ్‌లో చేసిన పనినే మళ్లీ చేస్తుంది, ఎక్సెల్‌లో ఫార్ములా కొట్టేటప్పుడు నొక్కితే గడి అడ్రసు కదలకుండా డాలర్ గుర్తులు పెడుతుంది. ఎఫ్11 గ్రాఫును వేరే షీట్‌లో వేస్తుంది, ఆల్ట్ ఎఫ్1 అదే షీట్‌లో వేస్తుంది, ప్రశ్న ఏది అడిగిందో చదవండి. డేటాబేసుకు వాడే యాక్సెస్‌లో టేబుల్, ప్రైమరీ కీ (ఒక్కో వరసను వేరుగా గుర్తుపట్టే కాలమ్), ఒక క్వెరీ (కావాల్సిన వరసలు వెతికి తీయడం) వస్తే గట్టెక్కుతారు. ఈమెయిల్లో ముందు ఫైలు అటాచ్ చేసి ఆ తర్వాత అడ్రసు కొట్టండి, అప్పుడు మరచిపోయి పంపే ప్రశ్నే రాదు.

పరీక్ష రోజు కూర్చోగానే ఖాళీ ఫైలుకే ఎఫ్12 కొట్టి వాళ్లు చెప్పిన పేరుతో, వాళ్లు చెప్పిన ఫోల్డర్లో సేవ్ చేసినా, తర్వాత ప్రతి పేరాకూ కంట్రోల్ ఎస్. నాకు పడిన కీబోర్డులో స్పేస్ బార్ గట్టిగా ఉండె, ఎడమ చివర నొక్కితేనే పడేది. పక్క సీటాయన దాంతోనే హెడ్డింగును మధ్యకు తోస్తా దబదబ కొడుతున్నాడు. నాకు మాటకూ మాటకూ మధ్య తప్ప దాంతో పని పడలేదు.