మురికిని కాదు, ముందు నేలను చూడాలి

నేల తోమే స్క్రబ్బర్ మెషీన్‌కు బ్రష్ కొనడానికి విశాఖపట్నంలో నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది మురికి గురించే చెబుతారు. జిడ్డు వదలడం లేదనీ, మరకలు పోవడం లేదనీ, ఉన్నవాటిలో బాగా గట్టి బ్రష్ ఇవ్వమనీ అడుగుతారు. నేను మాత్రం కింద పరిచినది ఏ రాయి అని ముందుగా అడుగుతాను.

తాండూరు, కడప, కోటా బండలు మూడూ సున్నపురాళ్లే. వాటిలో ప్రధానంగా ఉండే కాల్సైట్ అనే ఖనిజం కాఠిన్యం, 1 నుంచి 10 వరకు ఉండే మోస్ కొలమానంలో 3 మాత్రమే కాగా, గ్రిట్ బ్రష్‌ల నైలాన్ పోగుల్లో కలిపే సిలికాన్ కార్బైడ్ అనే రాపిడి రేణువుల కాఠిన్యం 9 దాటుతుంది. అటువంటి బ్రష్ ఈ బండల మీద తిరిగితే మురికితోపాటు మెరుపూ పోతుంది, ఆ మెరుపు మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప రాదు. గాజువాక వైపు షెడ్లలోని గరుకు కాంక్రీటుకు మాత్రం గ్రిట్ బ్రష్‌ను నిస్సంకోచంగా వాడవచ్చు. గ్రిట్ సంఖ్య తగ్గేకొద్దీ రేణువు పెద్దదవుతుంది కనుక 46 గీసినంతగా 180 గీయదు.

మన ఊరిలో దీనికి సముద్రపు ఇసుక తోడవుతుంది. బీచ్ రోడ్డు హోటళ్లలోకి చెప్పుల వెంట వచ్చే ఆ ఇసుకలోని క్వార్ట్జ్, గార్నెట్ రేణువుల కాఠిన్యం 7 దరిదాపుల్లో ఉంటుంది. ఊడవకుండా మెషీన్ నడిపితే అవి పోగుల మధ్య ఇరుక్కుని, మెత్తని బ్రష్‌ను సైతం గరుకు కాగితంలా మార్చేస్తాయి. అందుకే అక్కడివారికి అడిగినదానికన్నా ఒక మెట్టు మెత్తని బ్రష్‌నే ఇస్తాను, ముందు పొడిగా ఊడవమని గట్టిగా చెబుతాను. టైళ్ల సందులు ఎక్కువగా ఉన్నచోట గుండ్రని డిస్క్ కన్నా రోలర్ బ్రష్ మేలు; అది సందుల్లోకి దిగి తోముతుంది, చిన్న చెత్తను ట్రేలోకి తోస్తుంది.

చేపలు, రొయ్యలు శుద్ధి చేసే యూనిట్లలో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. నైలాన్ నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది, పాలీప్రొపిలీన్ పీల్చుకోదు కాబట్టి అక్కడ రెండోదే నయం. అయితే వేడినీళ్లు వాడేచోట నైలాన్‌కే నా ఓటు, ఎందుకంటే వంగిన పోగు తిరిగి నిలబడే గుణం దానికే ఎక్కువ.

పాత బ్రష్‌ను తిరగేసి చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి. పోగులన్నీ ఒకే పక్కకు ఒరిగి ఉంటే ఒత్తిడి ఎక్కువ పెట్టి నడిపారని, లేదా పని అయ్యాక మెషీన్‌ను బ్రష్ మీదే నిలిపి ఉంచారని అర్థం. తోమేది పోగు కొస మాత్రమే. పోగు పడుకుంటే పక్క భాగం నేలను ఊరికే రాస్తూ పోతుంది. రెండు డిస్కులున్న మెషీన్‌లో కుడిదాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి అప్పుడప్పుడు మారుస్తూ ఉంటే రెండూ సమంగా అరుగుతాయి.