అడ్రసు కోడ్‌లోనే ఉండిపోతే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం తీరాన్ని తాకేనాటికి నేను ఒక గోదాముల వ్యాపార సంస్థకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకునే చిన్న బృందంలో పనిచేస్తున్నాను. సర్వర్లన్నీ హార్బరుకు దగ్గరలో ఉన్న ఆఫీసులోనే ఉండేవి. ఊరంతటా కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, విరిగిపడిన చెట్లతో రోడ్లు మూసుకుపోయాయి. డేటాబేస్ బ్యాకప్ మాత్రం రోజూ రాత్రి హైదరాబాదులోని మరో సర్వర్‌కు వెళ్లేది కాబట్టి తుపానుకు ముందురోజు వరకూ ఉన్న లెక్కలన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయి. అందువల్ల మా సీనియరు ఒకాయనా నేనూ దొరికిన బస్సు పట్టుకుని హైదరాబాదు చేరి, అప్లికేషన్‌ను అక్కడే నడిపించి, మిగతా ఊళ్లలోని గోదాములకు బిల్లులు ఆగకుండా చూద్దామనుకున్నాం. గంట పని అనుకున్నది మర్నాడు తెల్లవారేదాకా సాగింది. కాన్ఫిగరేషన్‌ను, అంటే చోటును బట్టి మారే విలువలను, కోడ్‌లోనే రాసిపెట్టడం వల్ల వచ్చిన చిక్కు అది.

డేటాబేస్ అడ్రసు ఉన్న ప్రాపర్టీస్ ఫైలు (సెట్టింగులు రాసుకునే ఫైలు) వార్ ఫైలు (జావా అప్లికేషన్‌ను మొత్తంగా కట్టిన ప్యాకేజీ) లోపలే ఉండేది. వార్ ఫైలు ఒక జిప్ ఫైలే కనుక విప్పి, అడ్రసు మార్చి, మళ్లీ కట్టడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. లాగిన్ స్క్రీను వచ్చింది, మా సీనియరు టీ చెప్పారు, టీ వచ్చేలోగా రిపోర్టుల మెనూ నొక్కితే అది చీకట్లో ఉన్న విశాఖ సర్వర్ కోసమే వెతుకుతూ నిలబడిపోయింది. ఎవరో ఎప్పుడో రిపోర్టుల కోసం అదే ఐపీ అడ్రసును (నెట్‌వర్క్‌లో సర్వర్‌ను గుర్తించే నంబరును) ఒక జావా క్లాసులో, అంటే కోడ్‌లోని ఒక భాగంలో, కాన్‌స్టంట్‌గా (మారని విలువగా) రాసిపెట్టారు. ఆ ఒక్క క్లాసును మార్చినా లాభం లేకపోయింది, ఎందుకంటే అలా స్టాటిక్ ఫైనల్‌గా రాసిన అక్షరాల విలువను జావా కంపైలర్ (కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చే ప్రోగ్రాం) దాన్ని వాడుకునే ప్రతి క్లాసులోకీ కాపీ చేసేస్తుంది. మళ్లీ బిల్డ్ చేద్దామంటే, అంటే కోడ్ నుంచి ప్యాకేజీని కొత్తగా తయారుచేద్దామంటే, సోర్సు కోడ్ ఉన్న సర్వరూ ఆ చీకటి ఆఫీసులోనే ఉంది.

చివరకు తోవ చూపింది మా సీనియరే. "అడ్రసు మార్చలేకపోతున్నాం కదా, ఆ అడ్రసే ఈ మెషీన్‌కి ఇచ్చేద్దాం" అన్నారు. హైదరాబాదులోని డేటాబేస్ మెషీన్‌కు విశాఖ సర్వర్ నంబరునే రెండో అడ్రసుగా తగిలించి, అప్లికేషన్ నడిచే మెషీన్‌కూ అదే వరుసలో మరొక నంబరు ఇచ్చాక రిపోర్టులు వచ్చాయి. ఇంటిపేరు మార్చడం కుదరక మొత్తం ఊరికి ఆ ఇంటిపేరు పెట్టినట్లుంది ఆ పరిష్కారం. పని జరిగిందని సంతోషించాం గానీ, చేసిన పని ఎవరికీ గర్వంగా చెప్పుకోలేకపోయాం.

నా దృష్టిలో కాన్ఫిగరేషన్ అంటే చోటు మారితే మారేది: డేటాబేస్ అడ్రసు, పాస్‌వర్డులు, బయటి సర్వీసుల లింకులు, ప్రింటర్లు, కనెక్షన్ల సంఖ్య, లాగ్ (ప్రోగ్రాం తన పనుల గురించి రాసుకునే చిట్టా) స్థాయి వంటివి. విశాఖలోనైనా హైదరాబాదులోనైనా ఒకేలా ఉండేది కోడ్. అప్లికేషన్లను క్లౌడ్‌లో నడిపించే హెరోకు సంస్థకు చెందిన ఆడమ్ విగ్గిన్స్ 2011లో ప్రకటించిన ట్వెల్వ్ ఫ్యాక్టర్ అనే పన్నెండు సూత్రాలలో మూడవది ఇదే. దానికి అక్కడ ఇచ్చిన పరీక్ష నాకు ఇప్పటికీ నచ్చుతుంది: మీ కోడ్ మొత్తాన్ని ఈ క్షణంలో లోకానికి బయటపెడితే ఒక్క రహస్యమైనా బయటపడుతుందా? మా పాత కోడ్ అయితే మొదటి పేజీలోనే దొరికిపోయేది. టెస్టింగ్‌కు ఒక ప్యాకేజీ, ప్రొడక్షన్‌కు (కస్టమర్లు వాడే అసలు సర్వర్లకు) ఒక ప్యాకేజీ అని విడివిడిగా బిల్డ్ చేసే పద్ధతిని నేను ఒప్పుకోను. ఆ పద్ధతిలో పరీక్షించింది ఒకటి, కస్టమరుకు ఇచ్చేది మరొకటి అవుతుంది. ఒక్కసారే బిల్డ్ చేసిన ప్యాకేజీయే అన్ని చోట్లా తిరగాలి, చోటును బట్టి మారే విలువలు దానికి బయటి నుంచి అందాలి.

ఇప్పుడు మేము రుషికొండ ఐటీ హిల్స్ మీద ఒక ఆఫీసులో స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ వాడుతున్నాం. ఒకే విలువ చాలా చోట్ల ఉంటే, అందులో ప్యాకేజీలోని ఫైలు కంటే బయటి ఫైలుకూ, బయటి ఫైలు కంటే సర్వర్‌లో పెట్టిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కూ, దానికంటే ప్రోగ్రాం మొదలుపెట్టే కమాండ్ లైన్‌లో ఇచ్చిన విలువకూ ఎక్కువ మాట చెల్లుతుంది. ఈ ఏర్పాటు బాగానే ఉంది గానీ, రెండేళ్ల క్రితం ఎవరో ఒక సర్వర్‌లో పెట్టి మరిచిపోయిన వేరియబుల్ మనం ఫైలులో మార్చే ప్రతి విలువనూ చప్పుడు లేకుండా తొక్కేస్తుంటే, తప్పు ఎక్కడుందో వెతకడానికి ఒక సాయంత్రమంతా పోతుంది. అందుకే అప్లికేషన్ మొదలవగానే ఏ విలువ ఎక్కడి నుంచి తీసుకున్నదో, పాస్‌వర్డులను దాచిపెట్టి, లాగ్‌లో రాయిస్తున్నాను.

ఫైలు రాతలోనూ గోతులున్నాయి. ఒక బ్రాంచి కోడ్‌ను యామల్ (సెట్టింగులు రాసుకునే మరో రూపం) ఫైలులో కోట్స్ లేకుండా 0530 అని రాస్తే అప్లికేషన్‌కు 344 అని అందింది. సున్నాతో మొదలై ఎనిమిది, తొమ్మిది లేని సంఖ్యను యామల్ పాత ప్రమాణం ఎనిమిది ఆధారంగా ఉన్న లెక్కగా చదువుతుంది, అలా చదివితే 0530 అంటే 344. ప్రాపర్టీస్ ఫైలులోనైతే విలువ చివర పొరపాటున పడిన ఖాళీని జావా తీసివేయదు. పాస్‌వర్డు సరిగ్గానే ఉందని ముగ్గురం కళ్లారా చూసుకుని కూడా, కంటికి కనిపించని ఆ ఒక్క స్పేసు వల్ల రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం.

రహస్యాల గురించి ఒక్క మాట. అప్లికేషన్లను చాలా సర్వర్ల మీద నడిపించే కుబెర్నెటీస్‌లో సీక్రెట్ అనే పేరు చూసి నిశ్చింతగా ఉండేవారు చాలామంది కనిపిస్తారు. అందులో పెట్టినది బేస్64 రూపంలో (ఎవరైనా తిరిగి మార్చి చదవగలిగే రాతలో) ఉంటుందే తప్ప, విడిగా ఏర్పాటు చేయకపోతే ఎన్‌క్రిప్ట్ అయి ఉండదు. ఫైళ్లలోని ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్‌లోకి ఒకసారి వెళ్లిన పాస్‌వర్డును తర్వాత ఫైలులోంచి తుడిచేసినా చరిత్రలో అలాగే ఉంటుంది కాబట్టి, పాస్‌వర్డునే మార్చాలి.

కాన్ఫిగరేషన్‌ను కోడ్ నుంచి విడదీయమని చెప్పేవారు సాధారణంగా అక్కడితో ఆగిపోతారు. అసలు భయం మొదలయ్యేది ఆ తర్వాతే. కోడ్ మారితే రివ్యూ, టెస్టింగ్, రిలీజ్ తేదీ అని ఇన్ని కాపలాలుంటాయి, ఫైలులో ఒక విలువ మారితే మాత్రం "కాన్ఫిగే కదా" అని నేరుగా ప్రొడక్షన్‌లో మార్చేస్తారు. 2024 జులై 19న మన సమయం ప్రకారం ఉదయం 9:39కి కంప్యూటర్లకు భద్రతా సాఫ్ట్‌వేర్ అందించే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపినది కొత్త ప్రోగ్రాం కాదు, ఉన్న ప్రోగ్రాం చదువుకునే ఒక కాన్ఫిగరేషన్ ఫైలు మాత్రమే. ఆ ఫైలు 21 విలువలు ఆశించింది, ప్రోగ్రాం అందించినవి 20. ప్రోగ్రాం కొత్త వెర్షన్లను విడతలుగా తీసుకునే వెసులుబాటు కస్టమర్లకు ఉన్నా, ఈ ఫైలు మాత్రం అందరికీ ఒకేసారి వెళ్లింది. దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. ఆ వార్త చదివిన వారంలోనే మా కాన్ఫిగరేషన్ ఫైళ్లన్నిటినీ విడిగా ఒక గిట్ రిపాజిటరీలో పెట్టి, మరొకరు చూడకుండా ఏదీ మారకూడదనీ, మార్పు ముందుగా ఒక్క సర్వర్ మీదికే వెళ్లాలనీ నియమం పెట్టించాను. మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటైంది.

బయటికి తీయగలిగినదల్లా కాన్ఫిగరేషన్ కాదని కూడా చెప్పాలి. నాకు తెలిసిన ఒక చోట సిమెంటు మీద జీఎస్టీ శాతాన్ని కాన్ఫిగరేషన్ ఫైలులో పెట్టుకున్నారు. 2025 సెప్టెంబరు 22న పన్ను 28 నుంచి 18కి తగ్గినప్పుడు ఒక్క అంకె మార్చి, సర్వర్ రీస్టార్ట్ చేసి, పని అయిపోయిందని హాయిగా నిద్రపోయారు. అక్టోబరులో ఒక డీలరు సెప్టెంబరు 19 నాటి ఇన్‌వాయిస్‌కు డూప్లికేట్ కాపీ అడిగితే అది 18 శాతంతో ప్రింటయింది. పన్ను శాతం చోటును బట్టి మారేది కాదు, తేదీని బట్టి మారేది. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో రాసుకుని డేటాబేస్ పట్టికలో ఉండవలసినది.

ఏటా తుపానుల కాలానికి ముందు, ప్యాకేజీని ముట్టుకోకుండా కాన్ఫిగరేషన్ మాత్రమే మార్చి, అప్లికేషన్‌ను హైదరాబాదులో ఒక పూట నడిపి చూస్తాం. కిందటిసారి అన్నీ నడిచాయి గానీ, గేట్ పాస్ మాత్రం అక్కడ ప్రింటు కాలేదు. మర్నాడు ఉదయం ఆఫీసుకు వెళ్లి చూస్తే, నిన్నటి గేట్ పాసులు పదకొండూ మా రుషికొండ ప్రింటరు ట్రేలో ఉన్నాయి.