గ్రీన్ కార్డు మీద టెక్సాస్‌లో గన్ కొన్నాను: నా అనుభవం

నిన్న సాయంత్రమే గన్ చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను. రాత్రిపూట స్టోరు మూసి, గల్లాపెట్టె డబ్బు పట్టుకుని కారు దాకా నడిచే పని నాది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామందిది ఇదే బతుకు. వాట్సాప్ గ్రూపుల్లో ఈ విషయం మీద తిరిగే మాటల్లో సగం తప్పులే.

గ్రీన్ కార్డు ఉంటే కొనొచ్చు. కానీ హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లు గన్ కొనడానికీ, దగ్గర పెట్టుకోవడానికీ ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. హంటింగ్ లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి, అంతే. వాళ్ల డబ్బుతో మనం మన పేరున కొనిపెట్టడం ఇద్దరికీ ముప్పు తెచ్చే నేరం. ఎంత దగ్గరివాడు అడిగినా మొహమాటపడకండి.

అన్నీ కలిపి 500 డాలర్లు అనుకున్నాను. అందులో గన్‌కు 300 మించకూడదు. మిగతాది గన్ దోపుకునే తొడుగుకు, అదే హోల్‌స్టర్‌కు, గట్టి బెల్టుకు, తూటాలకు. ట్రిగ్గర్ చుట్టూ పూర్తిగా మూసుకునే కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టరే కొనండి. మెత్తటి గుడ్డ హోల్‌స్టర్ అంచు మడతపడి లోపలికి పోతే, గన్ దోపేటప్పుడు ట్రిగ్గర్‌కు తగిలి పేలుతుంది. ఈ ఒక్క చోట పొదుపు పనికిరాదు.

కౌంటర్‌లో ఉన్నవాడు నా చేతులు చూసి, అరచేతిలో ఇమిడిపోయే, 380 రకం తూటాల పిస్తోలు ముందు పెట్టాడు. రూగర్ ఎల్‌సీపీ కోవది, ఖాళీగా 270 గ్రాములు. జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు, నిజమే. కానీ బరువు లేని గన్ పేలినప్పుడు దెబ్బంతా మన చేతికే. పిడికి రెండు వేళ్లే పడతాయి, చిటికెన వేలు గాల్లో ఉంటుంది, గురిచూసే సైట్లు కనీకనపడవు. పైగా 380 తూటాలు 9 ఎంఎం కన్నా ఖరీదు కాబట్టి సాధన తగ్గిపోతుంది. చెయ్యి బాగా తిరిగినవాడికి అది సరే. మొదటిసారి కొనేవాడికి అంటగట్టకూడదు. చేతులు చిన్నవనో, ఆడవాళ్లనో చెప్పి చిన్న గన్ చేతిలో పెట్టే దుకాణదారు మాట వినకండి.

కాల్పులు సాధన చేసే రేంజ్‌లో గన్లు అద్దెకు తీసుకుని కాల్చి చూశాకే తేల్చుకున్నాను. సిగ్ పీ365, షీల్డ్ ప్లస్ అనే పిస్తోళ్లు రెండూ సన్నగా ఉన్నాయి, ట్రిగ్గర్ కూడా మేలు. కానీ ధర నా లెక్క దాటింది. టారస్ జీ3సీ తీసుకున్నాను: 9 ఎంఎం, మ్యాగజైన్‌లో 12 తూటాలు, 3.2 అంగుళాల బ్యారెల్, ఖాళీగా దాదాపు 620 గ్రాములు. ట్రిగ్గర్ చాలా దూరం వదులుగా కదిలాక గాని బిగుసుకోదు. అది సాధనతో అలవాటవుతుంది.

స్లైడ్, అంటే తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే గన్ పైభాగం, రావడం లేదంటే బలం లేదని కాదు. రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకుంటే ఎవరికీ రాదు. ఎడమ అరచెయ్యి మొత్తం స్లైడ్ మీద వేసి బిగించి, కుడిచేత్తో గన్‌ను ముందుకు తోయాలి. అప్పటికీ రాకపోతే షీల్డ్ ఈజీ అనే పిస్తోలు చూడండి, దాని స్ప్రింగు మెత్తన. కాల్చేటప్పుడు మణికట్టు వదులుగా పెడితే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోక, పేలిన తూటా ఖాళీ గొట్టం పొగగొట్టంలా నిలబడి ఇరుక్కుంటుంది. తప్పు గన్‌ది అనుకుంటారు.

ఇక గన్ కొనేటప్పుడు దుకాణంలో నింపాల్సిన 4473 ఫారం. నన్ను నలుగురిలో దోషిలా నిలబెట్టింది ఇదే. మన పేర్లు వాళ్ల గళ్లలో పట్టవు. డ్రైవింగ్ లైసెన్సు మీద నా పేరులో మూడో ముక్క లేదు, గ్రీన్ కార్డు మీద ఉంది. కౌంటర్‌వాడు రెండు కార్డులూ పైకెత్తి, వెనక లైనంతా వినేలా "ఇందులో నీ అసలు పేరేది? అసలు నువ్వు కొనొచ్చా?" అన్నాడు. చట్టం నాకిచ్చిన హక్కును నేను వాడికి నేర్పాల్సి వచ్చింది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల కోసం ఆ ఫారంలోనే ఏ-నంబరుకు (కార్డు మీద ఉండే ఇమిగ్రేషన్ నంబరు) గడి ఉంది, అది వేలు పెట్టి చూపించాను.

మీరు ఇలా వెళ్లండి. పూర్తి పేరు రాయాలి. మధ్యపేరు లేకపోతే ఎన్ఎంఎన్ (నో మిడిల్ నేమ్) అనీ, పొడి అక్షరమే ఉంటే దాని పక్కన ఐఓ (ఇనిషియల్ ఓన్లీ) అనీ రాయాలి. పుట్టిన చోటు అన్నచోట ఇండియా అంటే చాలు, ఊరు అక్కర్లేదు. లైసెన్సు మీద పాత అడ్రసు ఉంటే కొత్త అడ్రసున్న కారు రిజిస్ట్రేషన్ తీసుకెళ్లండి. కరెంటు బిల్లు కుదరదు, ప్రభుత్వం ఇచ్చిన కాగితమే కావాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇష్టమైతేనే రాయొచ్చు, కానీ రాయండి. ఒకే పేరున్న ఇంకొకడి కేసు మన నెత్తిన పడకుండా ఉంటుంది.

దుకాణం ఆ వివరాలు ఎఫ్‌బీఐ చెక్‌కు పంపితే నాకు "డిలేడ్" (జవాబు ఆలస్యం) అని వచ్చింది. పౌరులు కానివాళ్ల వివరాలను ఎఫ్‌బీఐ ఇమిగ్రేషన్ రికార్డులతో కూడా సరిచూస్తుంది, అందుకే మనకిది తరచూ వస్తుంది. తిరస్కరణ కాదు, కంగారు పడకండి. మూడు పనిదినాలు గడిచినా జవాబు రాకపోతే గన్ ఇవ్వడానికి చట్టం అడ్డు చెప్పదు, కానీ ఇవ్వాలా వద్దా అన్నది దుకాణం ఇష్టం. ఫారం నింపిన రోజు లెక్కలోకి రాదు: శుక్రవారం నింపితే, మధ్యలో సెలవులు లేకుంటే, గురువారానికి. "జవాబు వచ్చేదాకా ఇవ్వం" అనే దుకాణాలున్నాయి, నాది అలాంటిదే. డబ్బు కట్టకముందే ఈ మాట అడగండి. ప్రతిసారీ ఇలాగే అవుతుంటే, వేలిముద్రలు పంపి ఎఫ్‌బీఐ దగ్గర యూపిన్ (ఈ చెక్‌లో మనమెవరో తేల్చే) నంబరు తెచ్చుకోవచ్చు.

2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టం నిషేధించనివాళ్లకు లైసెన్సు లేకుండా గన్ వెంట పెట్టుకునే వీలుంది. అయినా ఎల్‌టీసీ, అంటే ఆ లైసెన్సు, తీసుకోండి. ఫీజు 40 డాలర్లు, క్లాసు, 3, 7, 15 గజాల నుంచి 50 తూటాల పరీక్ష. అది చూపిస్తే ఇంకోసారి కొనేటప్పుడు ఆ ఎఫ్‌బీఐ చెక్ ఉండదు. మనలాంటి పేర్లవాళ్లకు అదొక్కటే చాలు.

వెంట పెట్టుకునే ముందు కనీసం 200 సాధారణ తూటాలు, తర్వాత మీరు నింపుకోబోయే హాలో పాయింట్ (మొన బోలుగా ఉండే తూటా) రకం ఒక పెట్టె కాల్చండి. కొన్ని గన్లు కొన్ని రకాల హాలో పాయింట్ దగ్గర ఇరుక్కుంటాయి. ఇంట్లో పిల్లలుంటే తాళం పెట్టె తప్పనిసరి. 17 ఏళ్లలోపు పిల్లలకు అందేలా తూటాలున్న గన్ వదిలేసి, అది వాళ్ల చేతికి చిక్కితే టెక్సాస్‌లో అది మీ మీద కేసు.

రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగు విడిగా పెట్టుకోండి, ఇండియా ప్రయాణానికి దాన్ని ముట్టుకోవద్దు. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనపడినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.