అద్దె లేని గర్భం

సరోగసీని, అంటే ఒకరి బిడ్డను మరొకరు కడుపులో మోయడాన్ని, పత్రికల్లో ‘అద్దె గర్భం’ అని రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అద్దె పుచ్చుకునే గర్భానికి ఈ దేశంలో చోటు లేకుండా చేసిన చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. బిడ్డను మోసే ఆమెకు వైద్య ఖర్చులు, బీమా, చట్టం ఒప్పుకున్న మరికొన్ని ఖర్చులు పెట్టుకోవచ్చు. అంతకు మించి ప్రతిఫలం ముట్టజెబితే దంపతులకు మొదటి తప్పుకే అయిదేళ్ళ దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. మా బిడ్డను మోసి మా చెల్లెలు మాకు చేసినదానికి వెల కట్టకూడదని చట్టమే చెప్పింది. కట్టమన్నా నాకు చేతనయ్యేది కాదు.

2019లో గర్భంతో ఉన్న నాకు ఎనిమిదో నెలలో రక్తస్రావమైంది. బిడ్డ దక్కలేదు. నన్ను బతికించడానికి గర్భసంచి తీసేశారు, అండాశయాలు ఉంచారు. ఆ ముక్క డిశ్చార్జి కాగితంలో ఒకే ఒక వాక్యం. దాని విలువ నాలుగేళ్ళ తర్వాత గానీ నాకు తెలియలేదు. విజయవాడలో మేము చూపించుకున్న డాక్టరు గారు ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, “అండాలు మీవే, మోయడానికి మనిషి కావాలి” అన్నారు.

ఆ మనిషి ఎవరు? మా ఆడపడుచు తనంతట తానే ముందుకు వచ్చింది. కానీ ఆమెకు ముప్ఫై ఏడేళ్ళు. పిండాన్ని గర్భంలో పెట్టే నాటికి మోసే స్త్రీ వయసు 25, 35 మధ్య ఉండాలి, పెళ్ళయి సొంత బిడ్డ ఉండాలి, జీవితంలో ఒక్కసారే మోయాలి. మాకూ లెక్కలున్నాయి: భార్య వయసు 23 నుంచి 50, భర్త వయసు 26 నుంచి 55, పిల్లలు లేనివారై ఉండాలి. మేమిద్దరం ఆ లెక్కల్లో ఇమిడాం. ఆడపడుచు ఏడ్చింది. ఆ ఏడుపు ఫోనుల మీదుగా తెనాలిలో ఉన్న మా పిన్ని కూతురి దాకా వెళ్ళింది.

చెల్లికి అప్పుడు ముప్ఫై మూడు, ఇద్దరు పిల్లలు. “అక్కా, నన్నెందుకు అడగలేదు?” అంది. ఎలా అడుగుతాను? ఒక చీర అడగడానికే మొహమాటపడే దాన్ని. మరిది రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, “తనకేమైనా అయితే పిల్లల సంగతేమిటి వదినా?” అని ఒక్క ప్రశ్న వేశాడు. వైద్యుల దగ్గర, లాయరు దగ్గర విన్న అన్ని ప్రశ్నల్లోకీ అదే సరైన ప్రశ్న. వాళ్ళ అత్తగారిది మాత్రం ఒకటే షరతు, ఊళ్ళో తెలియకూడదు.

ఇక కాగితాలు. మొదటిది జిల్లా వైద్య మండలి నుంచి నాకు సరోగసీ తప్పనిసరి అనే ధ్రువపత్రం. గర్భసంచి లేదని స్కానింగ్ చెబుతున్నా ఆపరేషన్ నాటి కేసు షీటు కావాలన్నారు, దాన్ని పాత ఆసుపత్రి రికార్డుల గదిలోంచి బయటికి తీయించడానికి ఆరు వారాలు పట్టింది. ఆ వరండాలో పక్కన కూర్చున్న ఒకావిడ పరిస్థితి నాకంటే కష్టం. ఆమెకు అండాలే లేవు. 2023 మార్చిలో దాత అండాలు వాడకూడదని నిబంధన మార్చారు. 2024 ఫిబ్రవరిలో దాన్ని సడలించి, దంపతుల్లో ఒకరికి వైద్య కారణం ఉంటే దాత అండం గానీ వీర్యకణం గానీ వాడవచ్చని, రెండోది మాత్రం దంపతులదే కావాలని అన్నారు. ఆ వార్త చదివిన రోజు నాకు ఆవిడే గుర్తుకు వచ్చింది. పేరు కూడా అడగలేదు.

రెండోది కోర్టు. పుట్టబోయే బిడ్డకు తల్లిదండ్రులు మేమేనని ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ముందే ఉత్తర్వు ఇవ్వాలి. మా దరఖాస్తు మొదట దత్తత కాగితాల కట్టలో పడింది. రెండు వాయిదాలు అలా పోయాయి. మూడోసారి మేజిస్ట్రేటు గారు చెల్లిని ఎదుట నిలబెట్టి అడిగారు, “బిడ్డ పుట్టాక మనసు మారితే ఏం చేస్తావమ్మా?”

“మారదండి. నాకిద్దరున్నారు, వాళ్ళతోనే వేగలేకపోతున్నాను.”

గుమాస్తా ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను మాత్రం చెల్లి చేతి వైపు చూశాను. కొంగు చివరను వేలికి చుట్టి విప్పుతోంది, చుట్టి విప్పుతోంది.

మూడోది బీమా. మోసే ఆమెకు ముప్ఫై ఆరు నెలల పాలసీ ఉండాలి, ప్రసవం తర్వాత వచ్చే ఇబ్బందులకూ అది వర్తించాలి. నేను అడిగిన ఏజెంట్లలో ముగ్గురికి ఇలాంటిది ఒకటి ఉంటుందనే తెలియదు. 2024 మార్చిలో పాలసీ చేతికి వచ్చిన సాయంత్రం దాన్ని మరిదికి ఇచ్చాను. ఆయన వేసిన ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు అదొక్కటే, అది చాలదని మా ఇద్దరికీ తెలుసు.

చెల్లికి శరీర పరీక్షలు, మానసిక పరీక్ష కూడా అయ్యాయి. సమ్మతి పత్రం ఇంగ్లీషులో పెడితే సంతకం చేయనంది. “నాకు అర్థమయ్యే భాషలో ఉండాలని చట్టంలోనే ఉందట కదా” అని తెలుగులో రాయించుకుని, ప్రతి దుష్ఫలితం దగ్గరా ఆగి అడిగింది. పిండం పెట్టేలోపు ఎప్పుడైనా వద్దనుకునే హక్కు ఆమెకు ఉందని అప్పుడే నేనూ విన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాకు నెలసరి లేదు గనుక అండాలు ఎదగడానికి వేసే ఇంజెక్షన్లు ఎప్పుడు మొదలుపెట్టాలో రక్తపరీక్షలతో, స్కానింగులతో లెక్క తేల్చారు. పదకొండు రోజులు పొట్ట మీద సూదులు. తొమ్మిది అండాలు దొరికాయి, ఆరు ఫలదీకరణ చెందాయి, అయిదో రోజుకు మూడు పిండాలు నిలిచాయి. వాటిని గడ్డకట్టించి దాచారు. చెల్లికి గర్భాశయపు పొర మందమెక్కడానికి మాత్రలు, తర్వాత నూనెలా చిక్కగా ఉండే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను సూదులు. సూది వేసిన చోటల్లా గడ్డ కట్టేది. నేను వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టేదాన్ని. ఇంకేం చేయగలను?

మామూలుగా ఒక్కసారికి ఒక్క పిండమే పెట్టాలి. ప్రయత్నాలు మూడుకు మించకూడదు. జూన్‌లో పెట్టినది నిలవలేదు. ఫోనులో ఆ మాట చెప్పి నాకంటే ముందు చెల్లే, “సారీ అక్కా” అంది. నాకు జీవితంలో అంత సిగ్గనిపించిన రోజు మరొకటి లేదు. సెప్టెంబరులో రెండోది. తెర మీద ఆవగింజంత తెల్లని చుక్క కనిపించింది, పద్నాలుగో రోజు రక్తపరీక్షలో నిలిచిందని తెలిసింది.

అయిదో నెల నుంచి చెల్లి పిల్లలతో సహా మా ఇంట్లోనే ఉంది. ఏడో నెలలో పిన్ని సీమంతం చేయాలంది. ఎవరికి? అమ్మ మాట్లాడకుండా రెండు డజన్ల గాజులు తెప్పించి, చెల్లికి ఒక డజను తొడిగి రెండోది నా చేతులకు తొడిగింది. సూతకం మనుషుల్లా మూల కూర్చునే నాకు ఆ ఆకుపచ్చ గాజుల చప్పుడు కొన్నాళ్ళు అలవాటు కాలేదు.

2025 మేలో పాప పుట్టింది. ముర్రుపాల సంగతి ముందే మాట్లాడుకున్నాం. “నాలుగు రోజులు పిండి ఇస్తాను, పట్టడం మాత్రం నా వల్ల కాదు” అంది చెల్లి. ఎందుకని నేను అడగలేదు, తను చెప్పలేదు. నాలుగు రోజులూ పాలు చిన్న సీసాలో వచ్చేవి, మూత మీద చెల్లి రాతతో గంట రాసి ఉండేది. అయిదో రోజున మాత్ర వేసుకుంది. పాలు ఆగడానికి వారం పట్టింది. తువ్వాలు బిగించి కట్టుకుని గోడ వైపు తిరిగి పడుకునేది.

జనన ధ్రువపత్రంలో మా ఇద్దరి పేర్లే వచ్చాయి, కోర్టు ఉత్తర్వు చూపితే సరిపోయింది. నాది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. 2024 జూన్‌లో మారిన సెలవు నిబంధనల పుణ్యాన 180 రోజులు పాపతో గడిపాను. పాపకు చెల్లి ‘పిన్ని’. ఆమె కొడుకు మాత్రం, “మా ఇంట్లో తయారై మీ ఇంటికి వచ్చింది” అని అందరికీ చెబుతాడు. ఊళ్ళో తెలియకూడదన్న షరతు అలా పోయింది. అత్తగారు ఇప్పుడు పాపకు గౌన్లు కుట్టి పంపుతున్నారు.

పాలసీ 2027 మార్చి దాకా ఉంది. చెల్లి ఫోనులో నడుము నొప్పి అన్నప్పుడల్లా, పాలసీ ఉంది కదా, డాక్టరుకు చూపించుకోమంటాను. “ఇది నీ కూతురి వల్ల వచ్చిన నొప్పి కాదే, బియ్యం బస్తా ఎత్తాను” అంటుంది. నేను నమ్మను. మళ్ళీ మర్నాడు ఫోను చేస్తాను.