టెన్స్ పెట్టినా నొప్పి తగ్గట్లేదంటే...

నరం నొక్కుకుని వచ్చే నొప్పికి టెన్స్ మెషీన్ (చర్మం మీద అంటించిన ప్యాడ్ల ద్వారా సన్నని కరెంటు పంపే చిన్న పరికరం) కొని, నాలుగు రోజులు వాడి, ఫలితం లేదని పక్కన పడేసేవాళ్లు చాలామంది. తప్పు చాలాసార్లు మెషీన్‌ది కాదు. ప్యాడ్లు అంటించే చోటు సరిగ్గా ఉండదు, లేదా కరెంటు మరీ తక్కువ పెడతారు.

నరం మీది ఒత్తిడిని టెన్స్ తీయదు. నరాల్లో స్పర్శను మోసే లావు తంతువుల్ని కరెంటుతో కదిలిస్తే, సన్న తంతువులు తెచ్చే నొప్పి కబురు వెన్నుపాము దగ్గరే కొంత ఆగిపోతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన గేట్ కంట్రోల్ సిద్ధాంతం ఇదే. కాబట్టి ఉపశమనం మెషీన్ నడిచినంతసేపూ, ఆపాక మరికాసేపూ. పాదం పైకి లేవకపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా ప్యాడ్లతో కాలక్షేపం చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సయాటికానే (నడుము నుంచి కాలి వెనక వైపుగా దిగే నరం నొప్పి) తీసుకోండి. లాగుతున్నది పిక్క కదా అని ప్యాడ్ అక్కడే అంటిస్తారు. అక్కడ తిమ్మిరెక్కి ఉంటే కరెంటు తెలియదు. తెలియట్లేదని పెంచుకుంటూ పోతే చర్మం కమిలిపోతుంది. ముందు దూదితో రెండు కాళ్లమీదా రాసి పోల్చుకోండి. స్పర్శ మామూలుగా ఉన్నచోటే ప్యాడ్ వేయాలి. ఛానెల్ అంటే మెషీన్ నుంచి వచ్చే ఒక వైరు, దానికి రెండు ప్యాడ్లు. ఒక ఛానెల్ ప్యాడ్లు రెండూ నడుము కింది భాగంలో, నొప్పి ఉన్న వైపు, వెన్నెముక పక్కన ఒకదాని కింద ఒకటి. రెండో ఛానెల్‌వి పిరుదు మీద ఒకటి, తొడ వెనక ఒకటి. 5 సెంటీమీటర్ల ప్యాడ్లయితే మధ్యలో కనీసం అంతే ఎడం ఉంచండి. మరీ దగ్గరైతే కరెంటు పైపైనే పోతుంది. వెన్నుపూస మొన మీద అంటిస్తే గుచ్చినట్టుంటుంది.

80 నుంచి 100 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కరెంటు తాకిళ్లు), 100 మైక్రోసెకన్లతో (ఒక్కో తాకిడి నిడివి) మొదలుపెట్టండి. కరెంటు సున్నా నుంచి మెల్లగా పెంచాలి. జుమజుమ గట్టిగా తెలియాలి, నొప్పి పుట్టకూడదు. కండరం బిగుసుకుంటే కాస్త తగ్గించండి. కొన్ని నిమిషాలకు ఒళ్లు అలవాటుపడి ఆ జుమజుమ మందగిస్తుంది. అప్పుడు మళ్లీ కొంచెం పెంచాలి. చాలామంది పెంచకుండా ఊరుకునేది ఇక్కడే. అరగంట వాడండి, అదీ పడుకుని కాదు: నడకో, నిలబడి చేసే పనో, ఏది నొప్పి తెస్తుందో అది చేస్తూ.

2 నుంచి 4 హెర్ట్జ్‌లో ఇంకో పద్ధతి ఉంది. కండరం టకటకా అదిరేలా 20 నిమిషాలు. ఇది ఎండార్ఫిన్ల (శరీరం తనంతట తాను తయారుచేసుకునే నొప్పి మందుల) మీద ఆధారపడుతుంది కాబట్టి మార్ఫిన్ తరహా మందులు చాలాకాలంగా వాడుతున్నవారికి అంతగా పట్టదు. వాళ్లకు ఎక్కువ హెర్ట్జే నయం. రోజూ ఒకే సెట్టింగ్‌తో వాడితే ప్రభావం తగ్గుతూ వస్తుంది, మార్చుతూ ఉండండి.

పేస్‌మేకర్ ఉంటే డాక్టరు ఒప్పుకోకుండా దీని జోలికి పోవద్దు. మెడ ముందు భాగం, ఛాతీ, పుండ్లున్న చర్మం, గర్భిణుల పొట్ట, నడుము మీద అంటించకూడదు. డ్రైవింగ్‌లో, నిద్రలో, స్నానంలో వాడకూడదు.

ప్యాడ్ అంచున చురుక్కుమంటే జెల్ ఎండిందన్నమాట. ఒక చుక్క నీళ్లు రాసి చూడండి, అంటుకోకపోతే మార్చేయండి. చర్మం మీద నూనె, లోషన్ ఉన్నా ఇదే గొడవ. ఒక ఛానెల్ అసలు పనిచేయకపోతే మెషీన్ సున్నాకు తెచ్చి, రెండు వైర్లనూ అటుదిటు మార్చండి. లోపం వైరుతో పాటు అవతలి ఛానెల్‌కు వెళితే తెగింది వైరే. సాధారణంగా పిన్ను మొదట్లో, వంగే చోట తెగుతుంది.