గడప దగ్గర ఆగిపోయే అడుగు

కదలికలను మందగింపజేసే మెదడు జబ్బు పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు "రోజూ నడవండి" అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఎలా నడవాలో నేర్పకపోతే ఆ అరగంటా వాళ్లు చేసేది ఈడ్చుకుంటూ వేసే చిన్న అడుగులను ఇంకా అలవాటు చేసుకోవడమే. ఎంత దూరం నడిచారన్నది తర్వాతి మాట. ముందు చూడాల్సింది అడుగు పొడవు.

మామూలుగా ఎంత అడుగు వేయాలో ఎవరమూ ఆలోచించం. పార్కిన్సన్స్‌లో ఆ అలవాటు పనిని నడిపించే మెదడు భాగానికి డోపమైన్ అనే రసాయనం అందక లెక్క తప్పుతుంది. పెద్ద అడుగే వేశామని వాళ్లకు అనిపిస్తుంది, కాలు మాత్రం జానెడే కదులుతుంది. చాలామందిలో ఇది కాళ్ల బలం తగ్గడం వల్ల వచ్చేది కాదు. అదే మనిషి ముందు నేల మీద అడ్డగీతలు గీసి చూడండి, వాటిని దాటుకుంటూ చక్కగా నడుస్తారు. కంటితో చూసి, మనసు పెట్టి చేసే కదలికకు మెదడులో దారి వేరు. సాధనలో వాడుకోవాల్సింది ఆ దారినే.

ఆ గీతలు మన ఇళ్లలో ఇప్పటికే ఉన్నాయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా వేసేవి 2 అడుగుల చదరపు టైల్స్, అంటే సుమారు 60 సెంటీమీటర్లు. ఒక్కో అతుకు దాటుతూ ఒక్కో అడుగు. ముందు మడమ ఆనాలి, తర్వాత వేళ్లు. చూపు కాలివేళ్ల మీద కాదు, రెండు మూడు టైల్స్ ముందు ఉండాలి, లేకపోతే నడుము ఇంకా వంగుతుంది. పొట్టిగా ఉన్నవాళ్లకు 60 ఎక్కువ. వాళ్లకు 45-50 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, నేల రంగుకు కొట్టొచ్చినట్టు కనిపించే ఇన్సులేషన్ టేపు ముక్కలు దారికి అడ్డంగా అంటించండి. టేపు అంచు లేస్తే అదే కాలికి తగులుతుంది, వారానికోసారి చూసుకోవాలి.

చెవికి తాళం అందించడం ఇంకో పద్ధతి. 30 సెకన్లలో ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టి రెట్టింపు చేయండి. ఫోన్‌లో టిక్ టిక్‌మని తాళం వేసే మెట్రోనోమ్ యాప్‌ను ఆ అంకెకే పెట్టి మొదలుపెట్టాలి. అడుగు పొడవు నిలబడితే 10 శాతం వరకు పెంచొచ్చు. నడుస్తుండగా పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయే వాళ్లకు మాత్రం పెంచొద్దు. వేగం పెరిగితే వాళ్ల అడుగు ఇంకా కురచై, ముందుకు తూలుకుంటూ పరుగులా మారుతుంది. వాళ్లకు 10 శాతం తగ్గించి పెట్టడమే మంచిది.

అలా అతుక్కుపోవడం ఎక్కువగా గడప దగ్గర, మలుపులో, లిఫ్ట్ ముందు, ఎవరో తొందరపెట్టినప్పుడు వస్తుంది. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే చేసే పొరపాటు చెయ్యి పట్టుకుని లాగడం. ఒళ్లు ముందుకొస్తుంది, పాదాలు అక్కడే ఉంటాయి, మనిషి పడిపోతారు. లాగకుండా పక్కన నిలబడి నెమ్మదిగా చెప్పండి: "నాన్నా, ఆగండి. ఊపిరి పీల్చుకోండి. నిటారుగా నిలబడండి. బరువు కుడికి, ఎడమకు. ఇప్పుడు గడప అవతలికి ఒక్క పెద్ద అడుగు." అప్పటికీ కదలకపోతే మీ పాదాన్ని వారి పాదం ముందు అడ్డంగా పెట్టి, దాటమనండి. గడప మీది పసుపు గీత కూడా ఇందుకు పనికొస్తుంది. "గడప దాటండి" అంటే కదలని కాలు, "ఆ పసుపు మీదుగా అడుగేయండి" అంటే చాలాసార్లు లేస్తుంది.

మలుపులో ఉన్నచోటే గిర్రున తిరగకూడదు, కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి. సెల్లార్ పార్కింగ్‌లో స్తంభం చుట్టూ తిరిగినట్టు వెడల్పుగా, నాలుగైదు అడుగుల్లో తిరగాలి. పొద్దున బండ్లు వెళ్లిపోయాక ఆ సెల్లార్ సాధనకు మంచి చోటు. నీడ ఉంటుంది, నేల సమంగా ఉంటుంది. ర్యాంపు వైపు మాత్రం వద్దు. కేబీఆర్ పార్కులోనో ఇందిరా పార్కులోనో నడవాలంటే రద్దీ తగ్గిన వేళ చూసుకోండి. వెనక నుంచి వేగంగా దాటిపోయేవాళ్లు అడుగు లయను చెడగొడతారు. పలకలు లేచిన ఫుట్‌పాత్, దాని మీదికి ఎక్కే బైకులు, వీటి మధ్య సాధన అసలే వద్దు.

నడక వేళకు మందుతో ముడి ఉంది. పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా మాత్ర పనిచేయడం మొదలవడానికి సాధారణంగా అరగంట నుంచి గంట పడుతుంది. నడక ఆ తర్వాతే. పప్పు, గుడ్డు, పెరుగు లాంటి మాంసకృత్తులు కొందరిలో ఆ మందు పనిని మందగింపజేస్తాయి. అందుకే సాధారణంగా భోజనానికి అరగంట ముందో, గంట తర్వాతో వేసుకోమంటారు. మోతాదు, వేళ మార్చడం మాత్రం డాక్టరు పనే.

లేచి నిలబడగానే కళ్లు తిరిగితే నడక ఆపండి. 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, నిలబడ్డాక 1వ, 3వ నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే డాక్టరుకు చెప్పాల్సిందే. ఏప్రిల్, మే ఎండల్లో నీళ్లు తక్కువ తాగితే ఇది ఇంకా ముదురుతుంది.

హవాయి చెప్పులు వద్దు, మడమ పట్టి ఉంచే బూట్లు వేయించండి. బూటు అడుగుభాగం మరీ జిగటగా పట్టే రబ్బరుదైతే ఈడ్చే కాలు అక్కడే ఆగుతుంది. చేతిలో సంచి, చెవి దగ్గర ఫోన్ ఉండకూడదు. మొదట్లో కబుర్లు కూడా వద్దు, మాట మీదికి మనసు పోతే అడుగు కురచవుతుంది. ఎత్తి పెట్టే వాకర్ ఫిజియోథెరపిస్ట్ చూడకుండా కొనకండి. ఆగి, ఎత్తి, పెట్టి, మళ్లీ కదలడమే వీళ్లకు కష్టమైన పని.

పూటకు 10 నిమిషాలతో మొదలుపెట్టి అరగంటకు పెంచండి. వారానికి మొత్తం 150 నిమిషాలు లక్ష్యం. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, వేగం అంత ఉంటే చాలు. గుండె జబ్బు ఉంటే ముందు డాక్టరును అడగండి.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. వారానికోసారి, మాత్ర వేసుకున్న గంటకు, 10 టైల్స్ దూరం, అంటే 20 అడుగులు, ఎన్ని అంగల్లో దాటారో రాయండి. ఆ దూరం 16 అంగల్లో దాటితే అంగ సుమారు 38 సెంటీమీటర్లు, 12 అంగల్లో దాటితే 50. తేదీ, మాత్ర వేళ, అంగలు, ఆ వారం ఎన్నిసార్లు అతుక్కుపోయారు, ఎక్కడ. న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టుల ఫైల్లో ఆ పుస్తకాన్నే పైన పెట్టండి.