బొగ్గుల గ్రిల్లా, గ్యాస్ గ్రిల్లా?

మా మేడ మీద పెట్టుకోవడానికి గ్యాస్ గ్రిల్ కొనాలా, బొగ్గుల గ్రిల్ కొనాలా అన్న సందేహంతోనే నేను దాదాపు రెండు నెలలు గడిపాను. పాతబస్తీలో కణకణలాడే నిప్పుల మీద కాలే సీక్ కబాబుల వాసనకూ, రాతి పలక కింద బొగ్గులు రాజేసి వండే పత్తర్ కా గోష్త్‌కూ అలవాటుపడిన నాలుక సహజంగానే బొగ్గుల వైపు మొగ్గింది.

ఆ రుచికి బొగ్గు ఒక్కటే కారణమని చాలాకాలం పొరబడ్డాను. నిజానికి బాగా రాజుకున్న బొగ్గుకు సొంత వాసన తక్కువే. మాంసం నుంచి కారే కొవ్వూ మసాలా రసమూ నిప్పుల మీద పడి పొగగా మారి, ఆ పొగ మళ్లీ ముక్కలకు పట్టడం వల్లనే ఆ పరిమళంలో ఎక్కువ భాగం పుడుతుంది. గ్యాస్ గ్రిల్‌లో బర్నర్ల పైనుండే వేడి రేకుల మీద కూడా కొంతవరకు ఇదే జరుగుతుంది. అయితే గ్యాస్ మండేటప్పుడు నీటి ఆవిరి కూడా వెలువడుతుంది కనుక, బొగ్గుల పొడి సెగకు కాలినంత ఎర్రగా ముక్క పైభాగం మామూలు గ్యాస్ గ్రిల్ మీద కాలదు.

సౌకర్యంలో గ్యాస్‌దే పైచేయి. అది 10, 15 నిమిషాల్లో వేడెక్కుతుంది. బొగ్గులపై బూడిద పూత పట్టడానికి అరగంట ఆగాలి. మూసిన బాల్కనీలో మాత్రం రెండూ పనికిరావు: బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, లీకైన ఎల్‌పీజీ గాలికన్నా బరువు కనుక నేలబారునే పేరుకుంటుంది.

వారం వారం వండేవారికి గ్యాసే మేలు. మేము నెలకొక ఆదివారమే వండుతాము, విసనకర్ర ఊపే పని మా బావమరిది మీద పడుతుంది కాబట్టి నేను బొగ్గులదే కొన్నాను.